చుట్టాల నీళ్ళు

మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠం చెప్పేవాడికి కప్పలు తప్ప శత్రువులుండరు. తొంభైల నడుమ నేను అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరిన కొత్తలో నాకున్న పేరు ఒకటే: చెప్పిన పని కాదనలేడు. పరీక్ష హాల్లో కాపలా, హాస్టల్ వంటవాడితో సంధి, వార్షికోత్సవం నాడు కూతపెట్టే మైకును బుజ్జగించడం, అన్నీ నా వాటాకే వచ్చేవి. అందుకే ఒక మధ్యాహ్నం అనాటమీ ప్రొఫెసరుగారు వరండాలో నా భుజం మీద చెయ్యి వేసినప్పుడు నాకు గుబులు పుట్టింది. అనాటమీ వాళ్ళు బతికున్న మనిషి మీద ఊరికే చెయ్యి వెయ్యరు.

"నువ్వు నెల్లూరు జిల్లా వాడివే కదా?"

"అవును సార్. సంగం దగ్గర."

"ఉదయగిరి తెలుసా?"

"బస్సు బోర్డు మీద చూశాను సార్."

"అది చాలు. విచారణ కమిటీకి నేను ఛైర్మన్ని, నువ్వు సెక్రటరీవి."

విచారణ కాలేజీదీ, విచారం నాదీ అయింది అప్పటినుంచి. కమిటీలో మూడో మెంబరు కూడా ఉన్నారు గానీ, ఆయన ఏడాది పొడుగునా వేరే కాలేజీలకు పరీక్షలు పెట్టడానికి పోతూ ఉండేవారు. కాబట్టి కమిటీ అంటే మేమిద్దరమే. ఆయన అడగడం, నేను రాయడం.

సంగతి ఇదీ. మా కాలేజీలో సామాజిక వైద్యం విభాగంలో ఒక అమ్మాయి పీజీ ఆఖరి ఏడు చదువుతోంది. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో ఒక చిన్న పల్లె ఎంచుకుని, అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, దానివల్ల పళ్ళు ఎంత పాడయ్యాయి అని థీసిస్ రాస్తోంది. ఇల్లిల్లూ తిరిగి, ఇంట్లో అందరి పళ్ళూ చూసి, వాళ్ళు తాగే నీళ్ళు ఒక సీసాలో పట్టి తెచ్చింది. పళ్ళు చూస్తే ఊరంతా గార పళ్ళే. నీళ్ళు చూస్తే గంగాజలం. పైగా ఏ సీసా పరీక్ష చేసినా ఒకటే అంకె. ఇన్ని ఇళ్ళ నీళ్ళు కవలపిల్లల్లాగా అట్లా ఎట్లా ఉంటాయని ల్యాబ్ వాళ్ళు గొణుక్కుంటూ ఉండగానే ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి ఒక ఫిర్యాదు వచ్చింది. రాసింది ఆమెతోపాటు చదివే మరో పీజీ కుర్రాడు. పల్లెకు పోయిన రోజు ఆమె ఆత్మకూరు బస్టాండులో కొళాయి దగ్గర కూర్చుని సీసాలన్నీ నింపుతుండగా కళ్ళారా చూశానని, పేరు రాసి సంతకం పెట్టాడు. ఆ పేరు ఛైర్మన్‌కూ నాకూ తప్ప మూడో చెవికి పోకూడదని ప్రిన్సిపాల్ ఆజ్ఞ. ఆ మూడో చెవి మూడో మెంబరుదే అయినా సరే.

ఆరోపణ రుజువైతే థీసిస్ రద్దు, పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష పోతే మళ్ళీ వస్తుంది. 'దొంగ లెక్కలు రాసింది' అన్న మాట ఒకసారి రికార్డుకెక్కితే మాత్రం ఆమె ఏ ఆస్పత్రి గడప తొక్కినా ఆ మాట ఆమెకంటే ముందు లోపలికి పోయి కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆ భయం ఆమె ముఖంలో కనిపించింది. నాకు అంతకంటే ఎక్కువ భయం. ఆ మాట రాయాల్సిన కలం నాది.

"ముందు ఆమె మాట విందాం, తరవాత నీళ్ళ మాట విందాం" అన్నారు ఛైర్మన్‌గారు.

ఆమె వచ్చి కూర్చుంది. కూర్చున్న తీరులోనే ఇవాళ ఏడవకూడదన్న నిర్ణయం ఉంది.

"ఆత్మకూరు బస్టాండులో కొళాయి దగ్గర సీసాలు పెట్టుకుని కూర్చున్నావా అమ్మా?"

"కూర్చున్నాను సార్."

నేను కలం ఎత్తి మళ్ళీ దించాను. ఇంత తొందరగా ఒప్పుకుంటే ఏ గడిలో రాయాలో తెలియలేదు.

"ఏం చేస్తున్నావు?"

"కడుగుతున్నాను. ల్యాబ్‌లో ఇచ్చిన సీసాల్లో దుమ్ముంది. ఆ వారం మా హాస్టల్లో నీళ్ళు రావడంలేదు. ఆత్మకూరులో బస్సు మారాలి కాబట్టి అక్కడ కడిగాను. పల్లెలో మళ్ళీ ఆ ఇంటి నీళ్ళతో తొలిచి, అప్పుడు పట్టాను."

"కడుగుతుంటే ఎవరైనా చూశారా?"

"కడుగుతుంటే ఎవరు చూస్తారు సార్. నింపుతుంటేనే చూస్తారు."

ఛైర్మన్‌గారి మీసం కొంచెం కదిలింది. "మరి అన్ని సీసాలకూ ఒకటే అంకె ఎందుకొచ్చింది?"

"తెలియదు సార్. తెలిస్తే థీసిస్‌లో రాసేదాన్ని."

ఆమె వెళ్ళిపోయాక ఆయన నా వైపు తిరిగారు. "అబద్ధం ఆడేవాళ్ళ దగ్గర ఇంతకంటే మంచి కారణం ఉంటుంది" అన్నారు. అయినా మనసుకు తోచింది తీర్పు కాదు. నేను పోయి అదే పల్లెలో, అవే ఇళ్ళలో మళ్ళీ నీళ్ళు పట్టుకురావాలి, ఆత్మకూరు కొళాయి నీళ్ళు కూడా ఒక సీసా తేవాలి అని నిర్ణయించారు. కమిటీ నిర్ణయించింది అని నేను రాసుకున్నాను.

నేను పద్ధతి గల మనిషిని. పల్లె బడిలో హెడ్మాస్టరుకు ముందే కబురు పెట్టించాను. ఫలానా రోజు డాక్టరు వస్తాడు, అందరూ ఇళ్ళలో ఉండాలి అని. ఆత్మకూరులో దిగి కొళాయి దగ్గర గొంతుకూర్చుని సీసా పడుతుంటే ఉదయగిరి బస్సు కండక్టరు మెట్టు మీద నిలబడి చూస్తూ ఉన్నాడు.

"ఏంది సార్, సీసాల్లో పట్టుకుంటుండావు? మీ ఊళ్ళో నీళ్ళు ల్యావా?"

"పరీక్షకు."

"నీళ్ళకు గూడా పరీక్షలు పెడతుండారా ఇప్పుడు. ఎక్కు ఎక్కు, ఇది పాసయ్యేలోగా బస్సు పోతాది."

పల్లెలో నన్ను చూసుకున్నట్టు మా పెళ్ళిలో కూడా ఎవరూ చూసుకోలేదు. ప్రతి ఇంట్లో వరండాలో నులకమంచం వాల్చి, దుప్పటి పరిచి కూర్చోమన్నారు. ముందు ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చి, తరవాతే ఏం కావాలని అడిగారు. మీరు తాగే నీళ్ళు కొంచెం ఈ సీసాలో పొయ్యండి అంటే, సీసా తీసుకుని లోపలికి పోయి నింపి తెచ్చారు. నీళ్ళు ఎంత బాగున్నాయంటే, ఇంటింటా గ్లాసు ఖాళీ చేసి, "మీ ఊరి నీళ్ళు తియ్యగా ఉన్నాయి" అని మెచ్చుకున్నాను. వాళ్ళు సిగ్గుపడి నవ్వారు. నవ్వితే గార పళ్ళు కనిపించాయి. ఇంత మంచి నీళ్ళు తాగే పళ్ళు ఇట్లా ఎందుకున్నాయన్న ప్రశ్న నా బుర్రలో పుట్టలేదు. నేను పుట్టింది కాలవ ఒడ్డున. మాకు నీళ్ళంటే కాలవలో పోయేవి, కావాలంటే ముంచుకునేవి. వాటిలో మంచీ చెడూ, మాదీ మీదీ ఉంటాయని తెలియదు.

నా సీసాలు ల్యాబ్‌కు పోయాయి. ఫలితం వచ్చింది. అన్నిటికీ ఒకటే అంకె. ఆ అమ్మాయికి వచ్చిన అంకే. ఆత్మకూరు కొళాయి నీళ్ళు కూడా కొంచెం అటూ ఇటూగా అక్కడే ఉన్నాయి.

ఛైర్మన్‌గారు కాగితం చూసి, కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"నువ్వు ఆత్మకూరులో దిగావా?"

"దిగాను సార్."

"కొళాయి దగ్గర కూర్చున్నావా?"

"కూర్చున్నాను సార్."

"సీసా పట్టావా?"

"మీరే కదా సార్..."

"చూసినవాళ్ళు ఉన్నారా?"

కండక్టరు గుర్తొచ్చాడు. నేను నీళ్ళు నమిలాను. ఆ పల్లెలో అన్ని ఇళ్ళ నీళ్ళు తాగింది చాలక, ఇవి కూడా.

"ఇప్పుడు నీ మీద ఒక కమిటీ వెయ్యాలి" అన్నారాయన. "దానికి సెక్రటరీ ఎవరా అని ఆలోచిస్తున్నాను." తరవాత నవ్వారు గానీ, ఆ నవ్వు వచ్చేలోగా నాకు ఆ అమ్మాయి కూర్చున్న కుర్చీ ఎంత గట్టిగా ఉంటుందో తెలిసిపోయింది. నిజం చెప్పే మనిషి దగ్గర నిజం తప్ప ఇంకేమీ ఉండదు. దాన్ని ఎవరి ముందు పెట్టినా అబద్ధంలాగే కనపడుతుంది.

"ఈసారి నేనూ వస్తాను. ఎవరికీ కబురు పెట్టొద్దు" అన్నారు. ఇంకో షరతు కూడా పెట్టారు. ఇంటికి రెండేసి సీసాలు. ఒకటి మా ల్యాబ్‌కు, ఇంకొకటి లక్క సీలు వేసి వేరే ఊరి ల్యాబ్‌కు. మా వాళ్ళను నమ్మక కాదు, నన్ను నమ్మక.

పల్లెలో మొదటి ఇల్లు ఒక అవ్వది. ముందుసారి నేను వచ్చింది ఆమెకు గుర్తుంది.

"ఏంది నాయనా, మళ్ళీ వచ్చినావు. చెప్పి రాకూడదా?"

"చెప్పి వస్తే ఏం చేస్తావవ్వా?"

"మా అగసాట్లు మేం పడతాం గదా. కూర్చో. ఈ పెద్దాయన ఎవురు?"

"మా కాలేజీలో పెద్ద డాక్టరు."

"దేనికి డాక్టరు?"

ఛైర్మన్‌గారే జవాబిచ్చారు. "చచ్చినవాళ్ళకమ్మా. వాళ్ళను కోసి పిల్లలకు పాఠం చెబుతాను."

అవ్వ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. "అయితే నీకు మా ఇంట్లో ఇప్పుడే పని ల్యాదులే నాయనా. కూర్చో."

మొదటి సీసా తీసుకుని లోపలికి పోయి నింపుకొచ్చింది. నేను రెండోది చాచాను.

"ఇంకోటా?"

"రెండు కావాలవ్వా."

లోపల బిందె వంచుతున్న చప్పుడు వినిపించింది. అవ్వ సీసాలో అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళతో బయటికొచ్చింది.

"అయిపోయినాయి నాయనా. దీంతో సరిపెట్టుకోండి."

"ఇంట్లో నీళ్ళు లేవా?" అన్నారు ఛైర్మన్‌గారు.

"నీళ్ళు ల్యాకపోవడమేంది, కుండ నిండా ఉండాయి. అవి మా నీళ్ళు."

"మరి ఇవి?"

"ఇవి చుట్టాల నీళ్ళు."

అడిగితే అవ్వ దాపరికం లేకుండా చెప్పింది. ఊళ్ళో బావులన్నీ చౌడు. ఆ నీళ్ళలో పప్పు కూడా ఉడకదు. కొండ కింద దూరాన ఒక ఊట బావి ఉంది. వారానికోసారి మగవాళ్ళు సైకిళ్ళకు క్యాన్లు కట్టుకుని పోయి తెస్తారు. అవి ఇత్తడి బిందెలో పోసి, మూత పెట్టి లోపల ఉంచుతారు. ప్రతి ఇంట్లో ఒక బిందె.

"పాస్టరయ్య వస్తే, అల్లుడొస్తే, ఎవురన్నా డాక్టరొస్తే ఆ నీళ్ళు. చుట్టానికి ఉప్పునీళ్ళు పోస్తామా ఎక్కడన్నా? ఆ పాప వస్తాదని చెప్పినప్పుడు ఊరంతా పొయ్యి తెచ్చుకున్నాం. నువ్వు వస్తావని హెడ్మాస్టరు చెప్పినప్పుడూ తెచ్చుకున్నాం. ఇయాల చెప్పకుండా వస్తిరి."

"మీరు తాగే నీళ్ళే కదవ్వా నేనడిగింది?"

"అడిగితే? మేం తాగేవి నీకిస్తామా?"

మేమంతా సత్యాన్ని వెతుక్కుంటూ వస్తే, ఈ ఊరు మాకు మర్యాద పోసి పంపిస్తోంది. ఇన్నాళ్ళూ పరీక్ష చేసింది పల్లె నీళ్ళను కాదు, పల్లె మర్యాదను. మర్యాద అన్ని ఇళ్ళలోనూ ఒకటే అంకె చూపించింది.

"సరే అమ్మా, మీ కుండలో నీళ్ళు ఒక సీసా పొయ్యి" అన్నారు ఛైర్మన్‌గారు.

"పొయ్యను."

"ఎందుకు?"

"మీరు పట్నం తీసకపొయ్యి పదిమందికి చూపిస్తారు. ఆ అవ్వ ఇట్టాంటి నీళ్ళు పోసింది అంటారు. నా కోడలు వింటే నన్ను ఇంట్లో ఉండనిస్తాదా?"

పరీక్ష అనీ, శాస్త్రం అనీ నేను చెప్పబోయాను. ఆయన ఆపారు. లేచి, చెప్పులు విడిచి, "దాహంగా ఉంది, లోపలికి రావచ్చా అమ్మా" అని అడిగి, ఆమె వద్దనేలోపు కుండ దగ్గరికి పోయి గ్లాసు ముంచుకున్నారు. నిలబడి మొత్తం తాగారు. ముఖంలో ఒక్క కండరం కదల్లేదు. ముఖంలోని కండరాలన్నిటి పేర్లూ తెలిసిన మనిషి కాబట్టి, ఏది ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు తెలుసు.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. తరవాత ఏమనుకుందో, సీసా అందుకుంది.

"తాగేసినావు గదా. ఇంక నువ్వు చుట్టానివి గాదులే, ఇంట్లోవాడివి" అని నింపి ఇచ్చింది. "నీ శిష్యుడు తాగడా?"

నేనూ తాగాను. నా కండరాలకు అంత చదువు లేదు. అవ్వకు ఆ వారంలో అంత నవ్వు ఇంకెక్కడా దొరికి ఉండదు.

మిగతా ఇళ్ళలోనూ అదే దారి పట్టాం. ముందు ఇంటి నీళ్ళు తాగడం, ఆ తరవాత రెండు సీసాలు చాచడం. తాగినవాడికి ఎవరూ లేదనలేదు. ఆ సాయంత్రం ఉదయగిరి బస్టాండులో ఛైర్మన్‌గారు చాలాసేపు కనపడకుండా పోయిన సంగతి నేను మినిట్స్‌లో రాయలేదు.

బస్సులో ఆయన అడిగారు. "మన కాలేజీకి తనిఖీ వచ్చినప్పుడు ఏం చేస్తాం?"

"వార్డుల్లో కొత్త దుప్పట్లు పరుస్తాం సార్."

"వాళ్ళు పోయాక?"

"మడిచి బీరువాలో పెడతాం."

"అవ్వది బిందె, మనది బీరువా."

"రెండూ ఒకటే అంటారా?"

"కాదు. అవ్వ అడిగితే చెప్పింది."

ఈసారి అంకెలు ఇంటికొక తీరుగా వచ్చాయి, చాలావరకు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువగా. గార పళ్ళకు సరిపోయే అంకెలు. వేరే ఊరి ల్యాబ్ కూడా అదే చెప్పింది. అమ్మాయిని పిలిచి అంతా చెప్పాం. ఆమె ముందు నవ్వింది.

"అంటే సార్, నేను నిజంగానే అన్ని సీసాల్లో ఒకే బావి నీళ్ళు నింపుకొచ్చాను."

"నింపుకొచ్చావు. ఆత్మకూరులో కాదు, అంతే. నువ్వు చేసిన తప్పు లేదు. వచ్చిన ఫలితం తప్పు. రెండూ రాస్తాం."

అప్పుడు నవ్వు ఆగింది. "మళ్ళీ చెయ్యాలా?"

"మళ్ళీ చెయ్యాలి. ఈసారి పరీక్షకు అందదు. ఆరు నెలలు పోతాయి. శిక్ష కాదని యూనివర్సిటీకి నేను రాస్తాను."

"దొంగ లెక్కలన్న మాట రికార్డుకెక్కదు కదా సార్?"

"ఎక్కదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు మాత్రం ఏడవకూడదన్న నిర్ణయం తీసుకుని వచ్చినట్టు లేదు. లేస్తూ అడిగింది. "ఎవరు రాశారు సార్?"

"చూసిన మనిషి."

"నన్ను అడిగి ఉండొచ్చు కదా."

"ఉండొచ్చు. మాకూ అలాగే అనిపించింది" అన్నారాయన. అంతకుమించి ఒక్క అక్షరం చెప్పలేదు.

కుర్రాణ్ణి వేరేగా పిలిచాం. రంగు వెలిసిపోయి ఉన్నాడు. "నాకేమవుతుంది సార్?" అన్నాడు.

"ఏమీ కాదు. పేరు పెట్టి రాశావు, అది మంచిదే. కానీ నువ్వు చూసింది సీసాలు, కొళాయి. నింపడం నువ్వు ఊహించావు. చూసినదాని పక్కన ఊహించినదాన్ని కూర్చోబెట్టి, రెంటికీ కలిపి ఒకే సంతకం పెట్టావు. ఇకమీదట వేరువేరుగా రాయి."

వాడు తల ఊపాడు. వాడు పోయాక నేను నా మినిట్స్ ఒకసారి మళ్ళీ చదువుకున్నాను, ఎందుకైనా మంచిదని.

కొన్ని వారాల తరవాత ఆత్మకూరులో చుట్టాలింట్లో పెళ్ళికి పోయి, తిరుగు బస్సు కోసం బస్టాండులో నిలబడ్డాను. కొళాయి దగ్గర ఆ అమ్మాయి గొంతుకూర్చుని సీసాలు కడుగుతోంది. పక్కన ఒకడు చొక్కా చేతులు మడుచుకుని, కడిగిన సీసాలు పెట్టెలో సర్దుతున్నాడు. చూస్తే ఆ కుర్రాడే.

"ఈయన తనే వస్తానన్నాడు సార్" అంది ఆమె. "పెట్టె మోయడానికి మనిషి కావాలి కదా. ఇంటింటా ఆ నీళ్ళు తాగాలని చెప్పినా వస్తానన్నాడు."

వాడు తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆమెకు తెలియదు, వాడికి తెలుసు, నాకు తెలుసునని కూడా వాడికి తెలుసు. నాకేమో ఏదో ఒకటి అనాలని ఉంది, అనకూడదని ఉంది. ఉదయగిరి బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద ఆ కండక్టరే.

"ఏంది, మళ్ళీ పట్టుకుంటుండారా?" అని అరిచాడు.

ఆమె కంటే ముందు ఆ కుర్రాడే లేచాడు.

"పట్టుకోవడం లేదన్నా" అన్నాడు. "కడుగుతుండాం. నేను చూస్తుండాను కదా."